కిలోల లెక్కన కూలి ఇస్తే కనీస వేతనం వర్తించదా?

పలాస జీడిపప్పు పరిశ్రమలో ఒలిచిన పప్పుకు కిలోల లెక్కన కూలి ఇస్తున్నారు, దీనికి కనీస వేతనం వర్తించదని యజమాని అంటున్నాడు, నిజమేనా అని అడిగారు.

నిజం కాదు. రోజుకు ఇంత అని ప్రభుత్వం రేటు ఖరారు చేసిన పనిలో, లెక్క కిలోలదైనా గంపలదైనా, రోజంతా పని చేసిన మనిషి చేతికి ఆ మొత్తం కంటే తక్కువ రాకూడదు. 1948 కనీస వేతనాల చట్టంలో ఉన్న ఈ రక్షణ, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ అనే కొత్త చట్టంలోనూ కొనసాగింది. కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. తక్కువకు మీరే ఒప్పుకుని సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. కనీస వేతనం కూడా ఇవ్వకుండా చేయించుకునే పని వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది.

పని గంటలు వారానికి 48 దాటకూడదు. దాటితే అదనపు గంటలకు రెట్టింపు కూలి. కూలీలను కుదిర్చే మేస్త్రీ కూలి ఎగ్గొడితే ఆ బాకీ తీర్చాల్సింది పని చేయించుకున్న కంపెనీయే.

చిక్కంతా అమలులో ఉంది. మొదటిసారి తప్పు చేసిన యజమానిపై తనిఖీ అధికారి నేరుగా కేసు పెట్టకుండా, ముందు సరిదిద్దుకునే గడువు ఇవ్వాలని కోడ్ చెబుతోంది. ఇది నాకు నచ్చని సడలింపు. అయితే కార్మికుడికి ఒక మేలు జరిగింది: పాత చట్టంలో ఆరు నెలలే ఉన్న ఫిర్యాదు గడువు మూడేళ్లయింది. పైగా, బాకీ చెల్లించానని రుజువు చేసుకోవలసింది యజమానే. అయినా మీరు తూకం రాసుకున్న చిన్న నోటుపుస్తకం పారేయకండి, పదిమందీ కలిసి కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి, అర్జీకి రసీదు అడిగి తీసుకోండి.