బాబు నిద్రలో నాన్న వంతు

సమస్య: మాది మియాపూర్, నా ఆఫీసు గచ్చిబౌలిలో. బాబుకి నాలుగు నెలలు. నా భార్య పుట్టింటి నుంచి వచ్చి రెండు వారాలైంది. బాబు రాత్రిళ్లు గంటకోసారి లేచి ఏడుస్తున్నాడు. నేనెత్తుకుంటే ఏడుపు పెరుగుతుంది, తను తీసుకోగానే ఊరుకుంటాడు. పొద్దున్నే ఆఫీసని నన్ను వేరే గదిలో పడుకోమంటున్నారు. తను నిద్రలేక నీరసించిపోతోంది. తోడుగా వచ్చిన అత్తయ్య ఉగ్గు మొదలుపెడదామంటున్నారు. వాడికి నా అవసరమే లేదేమో అనిపిస్తోంది.

జవాబు: బాబు మిమ్మల్ని వద్దనుకోవడం లేదు. పుట్టినప్పటి నుంచీ పాలు తాగుతూ నిద్రపోయాడు కాబట్టి కళ్లు మూతలు పడే వేళకి ఆ వాసన కోసం వెతుక్కుంటాడు. మీ దగ్గర అది లేదు. పాలు లేకుండా నిద్రలోకి జారడం నేర్పడానికి ఇంట్లో మీకన్నా తగినవాళ్లు లేనిదీ అందుకే. వేరే గది ఆలోచన మానేయండి.

నాలుగో నెలలో పిల్లల నిద్ర తీరే మారుతుంది. ఒక్కో విడత నిద్ర దాదాపు 50 నిమిషాలు, ఆ తర్వాత కాస్త మెలకువ వస్తుంది. చంకలో నిద్రపోయిన బిడ్డకి మెలకువ వచ్చేసరికి చంక లేదు, ఊపు లేదు. కంగారుపడి ఏడుస్తాడు. పైగా మీవాడికి ఇల్లే కొత్త.

ఎనిమిదికల్లా పడుకోబెట్టాలి. తొమ్మిదింటికి మీరొచ్చి లైటు వేసి ఆడిస్తే, అప్పటికే అలసిపోయిన బిడ్డ మరింత చిరాకు పడతాడు. వారంలో మూడు రోజులైనా ఆరుకి ముందే ఆఫీసు నుంచి బయటపడి, మిగిలిన పని బాబు పడుకున్నాక చూసుకునేలా మేనేజర్‌తో మాట్లాడండి. ఆ రోజుల్లో గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం మీ పని. తర్వాత వాళ్లమ్మ పాలిస్తుంది. భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా నిమిరి, చిన్న లైటులో అదే జోల, అదే వరుసలో రోజూ పాడండి. రెప్పలు బరువెక్కగానే, పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద దించండి. ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల. ఛాతీ మీద అరచేయి రెండు నిమిషాలు ఉంచి, మెల్లగా తీయండి. మొదట్లో ఏడుస్తాడు. అప్పుడు ఎత్తుకుని బాగా నిద్రపట్టాకే దించండి, ఫర్వాలేదు. చేయి పైకెత్తి వదిలితే వాలిపోతే గాఢనిద్రే.

పగలు నిద్రపోకుండా ఆపితే రాత్రి బాగా పడుకుంటాడనుకోవద్దు. ఈ వయసులో ఒకటిన్నర, రెండు గంటలకు మించి మేలుకుంటే అలిసిపోయి రాత్రి మరీ సతాయిస్తారు.

రాత్రి తొమ్మిది నుంచి రెండు వరకూ వంతు మీది. కదిలిన ప్రతిసారీ ఎత్తుకోకండి. కళ్లు మూసుకునే మూలగడం, కాళ్లు తన్నుకోవడం నిద్రలో భాగమే, ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆకలి ఏడుపైతే పక్కనే పడుకున్న వాళ్లమ్మకి అందించి, తాగాక తేన్పు, డైపర్, నిద్రపుచ్చడం మీరే చూసుకోండి. ఈ వయసులో రాత్రి రెండుమూడుసార్లు పాలు తాగడం మామూలే. తను పాలు పిండి ఉంచితే శుభ్రంగా మరిగించిన ఉగ్గుగిన్నెతో మీరే పట్టొచ్చు. ఆ పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకూ ఉంటాయి. వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలి, మైక్రోవేవ్ వద్దు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాం: బాబుని గుండెల మీద వేసుకుని సోఫాలో కునుకు తీయవద్దు. సందులో ఇరుక్కుని ఊపిరాడక పిల్లల ప్రాణాలు పోతాయి. గట్టి పరుపు మీద, విడిగా, వెల్లకిలా పడుకోవాలి. ఆవాల దిండు, లావు దుప్పటి, ఇంట్లో టోపీ, సాంబ్రాణి పొగ ఏవీ వద్దు. ఏడుపు భరించలేక కోపం ముంచుకొస్తే వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు బాల్కనీలోకి వెళ్లండి, లేదా అత్తయ్యకి అందించండి. బిడ్డని పట్టుకుని ఊపేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు.

అత్తయ్యతో వాదన పెట్టుకోకండి. ఆవిడ దిష్టి తీస్తే తీయనివ్వండి. ఉగ్గు మాత్రం ఆరు నెలలు నిండాకే, దానివల్ల రాత్రంతా నిద్రపోతాడనుకోవద్దు. తేనె ఏడాదిలోపు చుక్క కూడా వద్దు. పిల్లల డాక్టరు నోటితోనే ఈ మాట చెప్పిస్తే ఆవిడా నొచ్చుకోరు.

మీ భార్యని కాస్త గమనించండి. బాబు పడుకున్నా తనకి నిద్రపట్టకపోవడం, ఊరికే ఏడుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించితే అది ప్రసవం తర్వాతి కుంగుబాటు కావచ్చు. గైనకాలజిస్టుకి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఈ కుంగుబాటు తండ్రులకీ వస్తుంది. బాబుకి మీ అవసరం లేదనే దిగులు మీలోనూ తగ్గకపోతే ఆ ఫోన్ మీరూ చేయండి. జ్వరం, ఆకుపచ్చ రంగు వాంతి, రోజుకి ఆరుకన్నా తక్కువసార్లు డైపర్ తడవడం, ఎవరెత్తుకున్నా ఆగని ఏడుపు ఉంటే మాత్రం నిద్ర సంగతి వదిలేసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.