పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలన్నీ అవుతున్నాయి, మరి పిల్లల్లో మార్పు వచ్చిందని ఎలా చూపించాలి?

మీరు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేరి ఏడాది కాలేదన్నారు. బరువులు, ఎత్తులు ప్రతి నెలా పూర్తిగా ఎక్కిస్తున్నా, రివ్యూలో "ఇంతకీ పిల్లలు కోలుకున్నారా?" అని అడిగితే చూపించడానికి ఏమీ లేకపోయిందన్నారు. నేనూ అక్కడే నిలబడ్డాను. పాలమూరు వైపు ఒక ప్రాజెక్టులో పదకొండేళ్లు సెక్టార్ చూశాను. 2021 మార్చిలో ట్రాకర్ వచ్చేనాటికి నా కింద 24 కేంద్రాలుండేవి.

ఎంట్రీ శాతం టీచర్లు చేసిన పనిని చెబుతుంది, పిల్ల సంగతి చెప్పదు. సామ్ (ఎత్తుకు తగ్గ బరువు లేక బాగా చిక్కిపోయిన పిల్లలు), మామ్ (అంతకంటే కొంత తక్కువగా చిక్కినవాళ్లు) శాతం చెబుతుంది కదా అంటారేమో, దాన్నీ ఒంటరిగా నమ్మకండి. మా దగ్గర దసరా దాటాక చాలా కుటుంబాలు ముంబై, పుణె వలస పోతాయి. బాగా చిక్కిపోయిన పిల్లల్లో ఎక్కువమంది ఆ ఇళ్లవాళ్లే. వాళ్లు బస్సెక్కిన నెల మన శాతం దానంతటదే తగ్గిపోతుంది. ఒకసారి అలా తగ్గినందుకు రివ్యూలో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి పేర్లు తీసి చూస్తే, కోలుకున్నారనుకున్నవాళ్లలో సగానికి పైగా ఊళ్లోనే లేరు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అప్పటినుంచి శాతాలు పక్కనబెట్టి పేర్లు పట్టుకున్నాను. జూన్‌లో సామ్, మామ్‌లో ఉన్న ప్రతి పిల్ల పేరూ ఒక షీటులో రాసుకుని, అదే జాబితాను సెప్టెంబరులో, డిసెంబరులో మళ్లీ చూశాను. బయటపడింది, అక్కడే ఉంది, ఇంకా దిగజారింది, ఊరు వెళ్లింది లేదా వయసు దాటింది. ప్రతి పేరూ ఈ నాలుగింటిలో ఏదో ఒక గడిలో పడాలి, ఒక్కటీ గాలిలో ఉండకూడదు. మధ్యలో కొత్తగా చేరినవాళ్లను పాత జాబితాలో కలపకండి, వాళ్లకు వేరే షీటు పెట్టండి.

అయితే దీనికంతటికీ ముందు కొలత సరిగ్గా ఉండాలి. ఒక కేంద్రంలో బరువుల వరుస చూస్తే 9.0, 9.5, 10.0, 10.5. ముప్పైమంది పిల్లల్లో ఒక్కరికీ 9.3 గానీ 10.7 గానీ లేదు. టీచరమ్మను నేను కోప్పడలేదు. ఆమె త్రాసు కొక్కెం వంగిపోయి ఉంది, ఇచ్చినప్పటినుంచి ఎవరూ సరిచూడలేదు. ఎత్తుల దగ్గర ఇంకో సంగతి కనిపించింది. రెండేళ్లలోపు పిల్లను పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు నిండాక నిలబెట్టి. నిలబెడితే దాదాపు 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. రెండేళ్ల ఆడపిల్లకు నిలబెట్టి కొలిస్తే 79.3 సెంటీమీటర్లు గీత, అంతకు తగ్గితే వయసుకు తగ్గ ఎత్తు లేనట్టు. పడుకోబెడితే అదే గీత 80. అంటే ఆ తేడాలోనే ఒక పిల్ల గీతకు అటో ఇటో పడిపోతుంది. ఆ కేంద్రంలో చంటిపిల్లల్ని కూడా గోడకు నిలబెట్టే కొలుస్తున్నారు. పడుకోబెట్టి కొలిచే బల్ల అట్టపెట్టెలోనే ఉండిపోయింది. దాన్ని తుడిచి, ఆయా తల పట్టుకుంటే టీచరు మోకాళ్లు నొక్కి పాదాలు బల్లకు ఆనించింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది, ఆగి మళ్లీ కొలిచాం. ఒక్కో పిల్లకు ఐదారు నిమిషాలు పట్టింది. అంత ఓపిక పడితేనే ఆ అంకెకు విలువ.

పుట్టిన తేదీ కూడా తల్లి దగ్గరున్న ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) చూసే వేయించండి. తేదీ తప్పితే వయసుకు తగ్గ ఎత్తు లెక్క మొత్తం తప్పుతుంది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో వయసు రాదు కాబట్టి అది కొంత నయం. అనుమానం వస్తే జబ్బ చుట్టుకొలత తీసే టేపు వేసి చూడండి. ఆరు నెలలు దాటిన పిల్లకు 11.5 సెంటీమీటర్లలోపు వస్తే ఇక ఆలోచించకుండా ఊరి నర్సు ఏఎన్ఎంకు చూపించండి.

కొలతలు దిద్దాక మా సెక్టార్‌లో సామ్, మామ్ అంకెలు పెరిగాయి. భయపడ్డాను, నిజమే. కానీ మీటింగుకు ముందురోజే మా ప్రాజెక్టు అధికారి సీడీపీఓ మేడమ్ దగ్గరికి పాత కొలత, కొత్త కొలత పక్కపక్కన రాసుకుని వెళ్లాను. ఆమె అరగంట చూసి, అంకెలు పెరిగింది కొలతలు దిద్దినందుకేనని పై మీటింగులో ఆమే చెప్పారు. అందుకే మీరూ ముందే చెప్పండి, వాళ్లు అడిగాక చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది. ఇంకొకటి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం, ఆంధ్రలో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. మీ డ్యాష్‌బోర్డులో అది ఐదు శాతమే కనిపిస్తుంటే, సంతోషించే ముందు కేంద్రాల్లో ఎత్తులు ఎలా కొలుస్తున్నారో చూసి రండి.

ప్లాన్ రాసేటప్పుడు మూడు నెలల్లో ఎత్తు పెంచుతామని మాత్రం రాయకండి. ఎత్తు లోటు ఏళ్ల తరబడి పేరుకున్నది, అంత త్వరగా కదలదు. బరువు కదులుతుంది. అందుకని నేను "ఈ జాబితాలోని పిల్లలు మూడు నెలల్లో సామ్ నుంచి బయటపడాలి" అని మాత్రమే రాసేదాన్ని.

అన్నిటికంటే ముఖ్యం, కదలని పిల్ల ఇంటికి వెళ్లడం. ఒక బాబుకు ప్రతి నెలా బాలామృతం (కేంద్రం నుంచి ఇంటికిచ్చే పోషకాహార పిండి) ఇచ్చినట్టు ట్రాకర్‌లో టిక్కు ఉంది, బరువు మాత్రం మూడు నెలలుగా అక్కడే ఉంది. ఇంటికి వెళ్తే అర్థమైంది. రెండున్నర కిలోల ప్యాకెట్ ఆ ఇంట్లో నలుగురు పిల్లలు తింటున్నారు, పదిరోజుల్లో ఖాళీ. తల్లి పత్తి ఏరడానికి పొద్దున్నే పోతుంది, నాయనమ్మకు చూపు సరిగా ఆనదు. ఆ తల్లిని ఏమని తప్పు పడతాం? ఆయాతో మాట్లాడి ఆ బాబుకు రోజూ పొద్దున ఒక పూట కేంద్రంలోనే కలిపి తినిపించాం. డిసెంబరుకు బయటపడ్డాడు. రివ్యూలో నేను చదివింది ఆ ఒక్క వరుసే: ఇచ్చిన ప్యాకెట్లు, పెరగని బరువు, ఇంట్లో తెలిసిన కారణం, మార్చిన పని, పెరిగిన బరువు. పిల్లవాడి పేరు చెప్పలేదు, మీరూ చెప్పకండి.

మీ కేంద్రాలన్నిటిలో ఒకేసారి మొదలుపెట్టొద్దు. వచ్చే నెల బరువులు చూసే రోజున రెండు కేంద్రాలకు మీరే వెళ్లి పక్కన కూర్చోండి. జాబితా రాశాక ఏ గడిలో వేయాలో తెలియని పేరుంటే ఇక్కడే అడగండి, కలిసి చూద్దాం.