యూనిట్‌లో చెప్పే ముందు

బిడ్డా,

నువ్వు గే అన్న సంగతి మీ సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సాబ్‌కి చెప్పేస్తే మనసు తేలికపడుతుందని రాశావు. పడాలనే నా కోరిక కూడా. కానీ మన సైన్యంలో ఆ మాట చెప్పినవాళ్లకి ఇంకా చట్టరక్షణ లేదు. అందుకే ముందు ఇది చదువు.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుండటం అప్పటి భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద నేరం కాకుండా పోయింది. హైదరాబాద్ వీధుల్లో నీకు ఆ భయం లేదు. యూనిఫాం వేసుకున్నాక మాత్రం 1950 నాటి ఆర్మీ చట్టం కూడా నీకు వర్తిస్తుంది. అందులో 'గే' అన్న మాటే లేదు. 46వ సెక్షన్‌లో 'అసభ్యమైన, అసహజమైన' సిగ్గుమాలిన ప్రవర్తన అని ఉంది, శిక్ష ఏడేళ్ల దాకా పడొచ్చు. ఆఫీసర్లకీ జేసీఓలకీ (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) హోదాకి తగని ప్రవర్తన అని 45వ సెక్షన్ ఉంది, క్రమశిక్షణ పేరుతో ఎవరికైనా 63 ఉంది. 2019 జనవరిలో అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ ఈ చట్టం కిందే చర్యలుంటాయని చెప్పారు. బ్రిటన్ 2000లో, అమెరికా 2011లో ఆంక్షలు ఎత్తేశాయి, వాళ్ల రెజిమెంట్లు నిక్షేపంగా నడుస్తున్నాయి. మన దగ్గర ఇలా ఉండటం అన్యాయమే.

నీ మీద కోర్ట్ మార్షల్ (సైనిక కోర్టు విచారణ) జరపాలంటే ఫలానా రోజు, ఫలానా చోట ఏం చేశావో వాళ్లు చూపించాలి. అది దొరికేది చాలావరకు నీ ఫోన్లోనే. బ్యారక్‌లో ఒకే బోర్డుకి పది ఫోన్లు చార్జింగ్‌కి పెడతారు. మెసేజ్ రాగానే తెర వెలిగి, పేరూ మొదటి లైనూ పక్కవాడికి కనిపిస్తాయి. ఇవాళే లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా సెట్టింగ్ మార్చు. డేటింగ్ యాప్‌లో యూనిఫాం ఫొటో, యూనిట్ పేరు, పోస్టింగ్ ఊరు పెట్టకు. ప్రేమ పేరుతో వల (హనీ ట్రాప్) వేసేవాళ్లు వెతికేది అవే. ఎవరైనా బెదిరించి డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. ఇచ్చావంటే మళ్లీ అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచుకుని ముందు వకీలుని కలువు. యూనిట్ సమాచారం అడిగితే మాత్రం ఆలస్యం చేయకుండా పైవాళ్లకి చెప్పెయ్యి.

ఇక ఎంక్వైరీ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సుబేదార్ సాబ్ భుజం మీద చెయ్యేసి "రాసిచ్చెయ్, ఇక్కడితో అయిపోతుంది" అంటాడు. రాసివ్వకు. తెల్లకాగితం మీద సంతకం అసలే పెట్టకు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో (ఏం జరిగిందో తేల్చే మొదటి విచారణ) నీ పరువుకి సంబంధించిన మాట వస్తే, 1954 ఆర్మీ రూల్స్‌లోని 180 ప్రకారం మొదటి నుంచి చివరిదాకా అక్కడ కూర్చునే హక్కు, సాక్షుల్ని ప్రశ్నించే హక్కు నీకున్నాయి. నోటితో అడిగి ఊరుకోకు, దరఖాస్తు రాసిచ్చి నకలు ఉంచుకో. అక్కడ నువ్వు చెప్పింది, అక్కడే అబద్ధ సాక్ష్యం చెప్పావన్న కేసులో తప్ప, 182 ప్రకారం కోర్ట్ మార్షల్‌లో నీ మీద సాక్ష్యంగా చెల్లదు. కానీ తర్వాత జరిగే సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్‌లో (సాక్ష్యాలు రాసుకునే దశ) మాటకు బరువుంది. అక్కడ "ఏమైనా చెప్తావా? చెప్పాలన్న నిర్బంధం లేదు" అని అడిగే తీరాలి. అప్పుడు ఊరుకోవడం తప్పు కాదు.

కోర్ట్ మార్షల్ దాకా పోకుండా షోకాజ్ నోటీసిచ్చి ఇంటికి పంపే దారి కూడా ఉంది. నోటీసుకి గడువులోగా, వకీలు చూసిన జవాబే ఇవ్వు. ఆ ఉత్తర్వు మీద ముందు ఆర్మీ చట్టం కింద ఫిర్యాదు పెట్టాలి. దాని మీద తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్‌కి వెళ్లాలి. మనది చెన్నై బెంచి కిందికి వస్తుంది.

ఎవరికి చెప్పాలని అడిగావు. మొదట యూనిట్ బయట, నోరు జారని ఒక్కరికి చెప్పు. ఒకే బ్యారక్‌లో ఉన్నవాడికి తాగిన రాత్రి చెప్పకు.

నీ స్నేహితుడి కోసం కూడా కాస్త పని ఉంది. 2023 అక్టోబర్ 17 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా మీకు పెళ్లి హక్కు రాలేదు కాబట్టి ఫ్యామిలీ క్వార్టరూ ఫ్యామిలీ పెన్షనూ అతనికి రావు. బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవొచ్చు, అతన్నే నామినీగా పెట్టొచ్చు, 2024 ఆగస్టులో కేంద్రం ఆ సంగతి స్పష్టం చేసింది. సంపాదించినదానికి వీలునామా రాయి. ఇద్దరు సాక్షులు చాలు, స్టాంపు కాగితం అక్కర్లేదు. అతన్ని మాత్రం సాక్షిగా పెట్టకు.

ఈసారి సెలవుకి వచ్చినప్పుడు కోఠీలో లా పుస్తకాలమ్మే దుకాణాల్లో ఆర్మీ చట్టం, రూల్స్ అడిగి కొనుక్కో. 180, 182 దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తీసుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం.