మాల్దీవులకు వెళుతున్న మేనల్లుడికి, సముద్ర దోసకాయల బ్రూడర్ల గురించి

భావనపాడు, శ్రీకాకుళం జిల్లా

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మాల్దీవుల్లో సముద్ర దోసకాయలకు, అంటే సముద్రపు అడుగున బతికే దోసకాయ ఆకారపు జీవులకు, పిల్లలు పుట్టించే హేచరీలో బ్రూడర్లను, అంటే గుడ్ల కోసం పెంచే తల్లిదండ్రి జీవులను, చూసే పని నీకు దొరికిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదే జీవితో అక్కడే కొన్నేళ్లు గడిపి వచ్చినవాడిని గనుక, నువ్వు బయలుదేరేలోగా తెలిసినదంతా రాసి ఇవ్వాలనిపించింది. రొయ్యల హేచరీలో నేర్చుకున్న శుభ్రత, రాత్రి కాపలా, నీటి లెక్కలు నీకు అక్కడా ఉపయోగపడతాయి. రొయ్యల పనిలోని తొందర మాత్రం ఇక్కడే విడిచి వెళ్లు. తల్లి రొయ్యకు కంటికాడ తీసి కొద్ది రోజుల్లోనే గుడ్లు పెట్టించడం నీకు అలవాటైన పని. ఈ జీవి దగ్గర అలాంటి అడ్డదారి ఏదీ లేదు.

ఒక మాట ముందే చెప్పాలి. అక్కడ నేర్చుకున్న విద్యను తిరిగొచ్చాక మన తీరంలో సొంతంగా మొదలుపెడదామన్న ఆలోచన నీకు ఏ రోజూ రాకూడదు. 2001లో మన దేశంలో సముద్ర దోసకాయలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం, ఎగుమతి చేయడం నేరం. నువ్వు పెంచబోయే శాండ్‌ఫిష్ అనే రకం సముద్ర దోసకాయకు, అంటే హోలోథూరియా స్కాబ్రాకు, 1988లో తూత్తుకుడిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే హేచరీలో పిల్లలు పుట్టించారు. ఆ విద్య మన దేశంలోనూ ఎదిగిందన్న గర్వం నాకుంది. అయినా చట్టం చట్టమే.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఏమిటంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికి అందుబాటులో ఉంటాయని బ్రూడర్లను నెలల తరబడి సిమెంటు ట్యాంకుల్లోనే ఉంచాను. నాచు పొడి, తవుడు, రొయ్య పిల్లల మేత అన్నీ వేశాను; నీరు రోజూ మార్చాను. అయినా అవి వారం వారం బరువు తగ్గుతూ పోయాయి, గుడ్లు పెట్టించాలని చంద్రుడి లెక్క చూసుకుని వేడి నీటిలో పెట్టిన రోజున ఒక్కటీ స్పందించలేదు. ఇది ఇసుకను మింగి, అందులోని సూక్ష్మజీవులనూ కుళ్లిన గడ్డి తునకలనూ జీర్ణించుకుని, మిగిలిన ఇసుకను వదిలేసే ప్రాణి. కాబట్టి మనం వేసే మేత కంటే దాని కింద ఉండే నేలే దానికి ముఖ్యం. అందుచేత బ్రూడర్లను సముద్రపు గడ్డి దగ్గర, బురద కలిసిన మెత్తని ఇసుక ఉన్న చోట, లోతు తక్కువ నీటిలో వలకట్టిన ఆవరణలో పలచగా పెంచు. ట్యాంకు గుడ్లు పెట్టించే ఆ కొద్ది రోజులకు మాత్రమే. ట్యాంకులో ఎక్కువ రోజులు ఉంచక తప్పకపోతే, అవి పూడుకునేంత మందంగా ఇసుక పరచు. ఆ ఇసుక నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందంటే వెంటనే తీసి కొత్తది వేయించు.

చెరువులో పెంచే పనైతే వానను కనిపెట్టి ఉండు. నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగినవాడివి, వాన నీరు ఉప్పు నీటి మీద పొరలా తేలి నిలవడం నీకు కొత్త కాదు. ఆ పొర వల్ల అడుగు నీటికి గాలి అందదు, అడుగునే బతికే ఈ జీవి ముందుగా నష్టపోతుంది. సెలినిటీ, అంటే నీటిలోని ఉప్పు, ముప్పై పీపీటీ (వెయ్యి పాళ్లకు ముప్పై) పైచిలుకు ఉంటే నిశ్చింతగా ఉండు. ఇరవైకి దిగేదాకా చూస్తూ కూర్చుంటే చావులు మొదలవుతాయి. పై నీటిని తూము గుండా వదిలేసి, ఎరేటర్లు తిప్పి, సముద్రపు నీరు ఎక్కించు.

సముద్రం నుంచి తెచ్చేటప్పుడు ఐదు వందల గ్రాములు దాటినవాటిని, ఒంటి మీద గాయం లేనివాటిని ఎంచుకో. ఒక్కో సంచిలో ఒక్కోదాన్ని శుభ్రమైన సముద్రపు నీటితో, ఆక్సిజన్ నింపి, థర్మోకోల్ పెట్టెలో నీడన చల్లగా తీసుకురావాలి. వేడి తగిలినా, కుదిపినా, నీటి బయట ఎక్కువసేపు ఉంచినా ఇది భయంతో తన పేగులనే బయటికి కక్కేస్తుంది. అవి మళ్లీ పెరుగుతాయన్నది నిజమే గాని, అలా కక్కినదాని నుంచి ఆ సీజనులో గుడ్లు ఆశించకు. చర్మం మీద తెల్లని మచ్చలు కనిపించినదాన్ని ఆ పూటే వేరు చెయ్యి, దాన్ని తాకిన చేతులతో మరొకదాన్ని ముట్టుకోకు.

ఆడ ఏదో మగ ఏదో పైకి తెలియదు. తెలుసుకుందామని కోసి చూసేవాళ్లను చూశాను, నువ్వు ఆ పని చేయకు. అందుకే ఒక్కసారికి ముప్పై నుంచి నలభై ఐదు దాకా పెట్టాలి. అప్పుడే ఆడవీ మగవీ రెండూ ఉంటాయి, పుట్టే పిల్లలకు తల్లిదండ్రులు ఒకరిద్దరే అయి వంశం ఇరుకైపోకుండా ఉంటుంది. ఇసుక లేని ట్యాంకులో ఒకటి రెండు రోజులు ఉంచి కడుపులోని ఇసుకను వదలనిచ్చి, అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా, సాయంత్రం పూట, నీటి వేడిని మూడు నుంచి ఐదు డిగ్రీలు పెంచి గంటసేపు ఉంచు. ముందుగా మగవి తల భాగం పైకెత్తి మెల్లగా ఊగుతూ తెల్లని దారంలా వీర్యం వదులుతాయి. కొన్ని చాలు; నీరు తెల్లబడేదాకా ఆగితే ఒక్కో గుడ్డులోకి ఒకటికి మించి వీర్యకణాలు చేరి పిండాలు చెడతాయి, కనుక మిగతా మగవాటిని బయటికి తీసెయ్యి. ఆ తర్వాత ఆడదానికి తల వెనుక చిన్న ఉబ్బు కనిపించి, ఒక్క విసురున గుడ్లు చిమ్ముతుంది. ఒక్క తల్లే పది ఇరవై లక్షల దాకా పెట్టగలదు. నేను మొదటిసారి చూసిన రాత్రి ట్యాంకు పక్కన కదలకుండా నిలబడిపోయాను.

ఏమీ జరగకపోతే మర్నాడు మళ్లీ వేడి పెట్టి వేధించకు. గుడ్లు పెట్టినా పెట్టకపోయినా వాటిని తిరిగి వలకట్టులోకి పంపించి, తేదీ, బరువు పుస్తకంలో రాసుకుని, తర్వాతి విడతకు వేరేవాటిని ఎంచుకో. చేరాక అక్కడి ఇసుక ఎలా ఉందో ముందుగా నాకు రాయి.

మీ మావయ్య