ఆదివారాలు మాత్రమే రాగలిగితే ఇల్లు ఎలా కట్టించుకోవాలి?

హైదరాబాద్‌లో ఉద్యోగం, హసన్‌పర్తి వైపు 200 గజాల స్థలం, కింద పైన రెండంతస్తుల ఇల్లు, సైటుకు ఆదివారం మాత్రమే రాగలను, సామానుతో సహా గుత్తకివ్వాలా లేక కూలి గుత్తకిచ్చి సామాను నేనే కొనుక్కోవాలా అని అడిగారు. కూలి మాత్రమే గుత్తకివ్వండి. అయితే మీరు లేని ఆరు రోజులూ సైటులో మీ మనిషి ఒకరు ఉండాలి. అలాంటివారు ఎవరూ లేకపోతే, ఖర్చు కొంత పెరిగినా సామానుతో సహా ఇచ్చేయండి. చూసే మనిషి లేకుండా సామాను కొని పడేస్తే దొంగతనాల కంటే వృథా ఎక్కువవుతుంది.

మేము హనుమకొండ శివారులో దాదాపు ఇలాంటి ఇల్లే కట్టుకున్నాం. అప్పుడు నా ఉద్యోగం మంచిర్యాలలో. శనివారం రాత్రి రైలెక్కి కాజీపేటలో దిగి, ఆదివారమంతా సైటులో ఉండి వెళ్లిపోయేవాణ్ని. మిగతా రోజులు మా నాన్న చూసుకున్నారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి కాబట్టి సిమెంటు బస్తాలను టికెట్లలాగే లెక్కపెట్టేవారు. ఎన్ని దిగాయి, ఎన్ని వాడారు, ఎన్ని ఖాళీ సంచులు మిగిలాయి అన్నది రోజూ సాయంత్రం నోటుబుక్కులో ఎక్కేది. ఖాళీ సంచులు కూడా లెక్కలోకి వస్తున్నాయని తెలిశాక మేస్త్రి తీరే మారింది.

ఆ మనిషికి తోడు, మేస్త్రితో సంబంధం లేని సివిల్ ఇంజినీరు ఒకరిని పెట్టుకోండి. రోజూ రానక్కర్లేదు. ముగ్గు పోసేటప్పుడు, ఫుటింగులకు (పిల్లర్ల కింది పునాదులకు) ఇనుము కట్టాక, ప్లింత్ బీము (గోడల కింద పునాది మీద వేసే బీము) దగ్గర, ప్రతి స్లాబుకు ముందు వచ్చి చూసి సరేనంటేనే కాంక్రీటు పోయాలి. ఫీజు అలా దశల వారీగానే మాట్లాడుకోండి. ఆయన్ని మేస్త్రి చేత కుదిర్చుకోవద్దు.

గొడవలు ఎక్కువగా వచ్చేది కూలి రేటు దగ్గర కాదు, కొలత దగ్గర. చదరపు అడుగుకు ఇంత అని చేతులు కలుపుతాం. ఆ అడుగులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఎవరూ రాసుకోరు. సజ్జలకు పూర్తి కొలతా, సగమా? బాల్కనీ సంగతేమిటి? మెట్ల మీది గది, సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, ప్రహరీ అందులోకే వస్తాయా, విడిగా లెక్కా? సెంట్రింగ్ (స్లాబు కింద ఆనించే రేకులు, కర్రలు) అద్దె ఎవరిది? మేకులు, బైండింగ్ వైరు, కవర్ బ్లాకులు (రాడ్ల కింద పెట్టే చిన్న దిమ్మలు), మిల్లరుకు (కాంక్రీటు కలిపే యంత్రానికి) డీజిల్ ఎవరు తేవాలి? మా మేస్త్రి మంచి పనివాడే, కానీ మొదటి స్లాబు బిల్లులో సజ్జలన్నీ పూర్తి కొలతకు వేసుకొచ్చాడు. కాగితం మీద సగమని ఉంది కాబట్టి పది నిమిషాల్లో తేలిపోయింది. లేకపోతే పని వారం ఆగేది. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసినా చాలు.

డబ్బు కూడా తేదీలను బట్టి కాదు, దశలను బట్టి ఇవ్వండి. ప్లింత్ బీముకు ఇంత, ఒక్కో స్లాబుకు ఇంత, గోడలకు ఇంత, ప్లాస్టరింగుకు ఇంత. పండగ ఖర్చని, ఇంట్లో పెళ్లని మేస్త్రి అడ్వాన్సు అడగడం ఎక్కడైనా ఉన్నదే. ఇవ్వండి, కానీ తర్వాతి దశ మొత్తంలో సగం దాటనివ్వద్దు.

సిమెంటు, ఇనుము ఒకే డీలరు దగ్గర ఖాతా పెట్టుకుని ఫోన్ మీద తెప్పించుకోవచ్చు. ఇనుము విషయంలో కాటా చీటీతో సరిపెట్టుకోకుండా రాడ్లు లెక్కపెట్టించండి. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు సుమారు 0.89 కిలోలు, అంటే 12 మీటర్ల రాడ్డు పదిన్నర కిలోలకు కాస్త పైన. బరువు బాగా తగ్గితే ఆ లోడు వెనక్కి పంపండి. ఇసుక లారీని దించకముందే కొలవాలి. నడుమ కుప్పగా, అంచుల దగ్గర పల్లంగా ఉంటుంది కాబట్టి నాలుగైదు చోట్ల రాడ్డు గుచ్చి సగటు తీయండి. తడి ఇసుక ఉబ్బి ఎక్కువగా కనిపిస్తుందన్నదీ గుర్తుంచుకోండి. ఇటుకల మీద పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. భూపాలపల్లి, రామగుండం థర్మల్ కేంద్రాల బూడిద ఉన్న ప్రాంతం మనది, ఫ్లైయాష్ ఇటుక సులువుగా దొరుకుతుంది. ఎర్ర ఇటుకే కావాలంటే రెండింటిని ఒకదానికొకటి కొట్టి గణగణమంటేనే దించుకోండి.

అనుమతి సంగతి క్లుప్తంగా: 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఇంటి అనుమతుల కోసం రాష్ట్రం తెచ్చిన 2020 నాటి టీఎస్‌-బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది. సులువుగా వచ్చింది కదా అని ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్ మింగేయకండి, నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. లేఅవుట్ అనుమతి లేని ప్లాటైతే ముందు లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం, అంటే ఎల్‌ఆర్‌ఎస్ తేల్చుకోండి, బ్యాంకు అడిగేదీ అదే. పని మొదలుకాకముందే కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ నుంచి తాత్కాలిక మీటరు తీసుకుని బోరు వేయించండి. వాస్తు కూడా ప్లాను కాగితం మీద ఉండగానే, ఒక్కరి చేతనే చూపించండి. ముగ్గురిని అడిగితే వంటగది మూడు మూలలూ తిరుగుతుంది.

ఇక నేల. మన దగ్గర ఒకే కాలనీలో ఒక ప్లాటు ఎర్ర చలక, నాలుగు ప్లాట్ల అవతల నల్లరేగడి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పక్కింటివారి ఫుటింగు ఎంత లోతో మీదీ అంతే అంటే ఒప్పుకోకండి, గుంట తీయించి ఇంజినీరుకు చూపించండి. బేస్‌మెంట్ నింపడానికి తవ్విన నల్లమట్టి వాడనివ్వకండి. మొరం తెప్పించి పొరలు పొరలుగా నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టించండి. బేస్‌మెంట్ ఎత్తు కోసం 2020 ఆగస్టులో, 2023 జులైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చుట్టుపక్కల వారిని అడగండి. ఆ వరదల్లో వరంగల్, హనుమకొండ కాలనీలు ఎన్నో మునిగాయి. దానికి తోడు కొత్త సీసీ రోడ్డు పడ్డప్పుడల్లా వీధి కొంత పైకి లేస్తుంది, మన గడప మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

పని దసరా తర్వాత మొదలుపెడితే వానల బాధ తక్కువ. సంక్రాంతికి, యాసంగి నాట్లకు కూలీలు ఊళ్లకు వెళ్తారని ముందే లెక్కలో వేసుకోండి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర మీ పనుల మధ్యలో పడితే ఆ వారం స్లాబు ఊసెత్తకండి. మనుషులు దొరకరు, ఏటూరునాగారం వైపు నుంచి ఇసుక రావలసిందీ జనం పోటెత్తే ఆ ములుగు దారినే.

మీరు తప్పక ఉండాల్సింది స్లాబు రోజున. శనివారం సెలవు పెట్టి ఇంజినీరుతో కలిసి ఇనుము చూడండి. రాడ్ల కింద కవర్ బ్లాకులు ఉన్నాయా, ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు ప్లాను ప్రకారం పడ్డాయా, బాత్రూం దగ్గర స్లాబు దించారా? అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆదివారం కాంక్రీటు పోయించండి. మిల్లరులో నీళ్లు పోసే చోట నిలబడండి. పని తేలికగా సాగాలని ఆ మనిషి ఇంకో బకెట్ పోస్తాడు, బలం పోయేది అక్కడే.

మర్నాటి నుంచి స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. ఐఎస్‌ 456 ప్రమాణం ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10 రోజులు. మన ఎండలకు అదే ప్రమాణం 10, 14 అంటుంది. ఈ నీళ్ల పని మేస్త్రి మీద పెట్టకండి, సాయంత్రమైతే ఆయన మనుషులు వెళ్లిపోతారు. సెంట్రింగ్ విప్పేటప్పుడూ మీ మనిషి గట్టిగా ఉండాలి. రేకులు అద్దెవి, వేరే సైటువాళ్లు ఎదురుచూస్తుంటారు కాబట్టి తొందరపెడతారు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు ఆనిపిన కర్రలు 7 రోజులు, ఆపైన 14 రోజులు, 6 మీటర్ల లోపు బీములకు 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు ఉండాలి.

ప్లాస్టరింగ్ దాకా ఒకే మేస్త్రిని ఉంచి, టైల్స్, వడ్రంగి, రంగులు విడివిడిగా మాట్లాడుకోండి. మేస్త్రికి ఇవ్వాల్సిన దాంట్లో పదో వంతు ఆపుకుంటానని ఆ తెల్లకాగితం మీదే రాయండి. డాబా మీద నీళ్లు నింపి రెండు రోజులు నిలబెట్టి, కింద ఎక్కడా చెమ్మ దిగలేదని చూసుకున్నాకే అది చేతిలో పెట్టండి.