కాల్ సెంటర్ ఉద్యోగంలో మీకు బాగా విసుగూ నవ్వూ తెప్పించిన కాల్ ఏది?

విశాఖపట్నం మధురవాడలో ఒక డీటీహెచ్ కంపెనీ కస్టమర్ కేర్‌లో మూడేళ్ళు పనిచేశాను. తిట్లు చాలానే తిన్నాను, ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఒక్క కాల్ మాత్రం మాట పొల్లు పోకుండా గుర్తుంది.

అక్టోబరు నెల. రాత్రి ఏడున్నర కావస్తోంది, బయట కుండపోత. తుపాను రోజుల్లో మా క్యూ తెగదు. ఉపగ్రహం ఉండేది దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన. అంత దూరం చక్కగా వచ్చిన సిగ్నల్ ఆఖరి నాలుగైదు కిలోమీటర్ల వానలో నీరసించిపోతుంది. వాన తగ్గితే దానంతటదే వస్తుందంటే ఎవరూ నమ్మరు. "డబ్బులు కట్టించుకునేటప్పుడు వాన లేదా?" అంటారు.

అప్పుడు విజయనగరం వైపు నుంచి ఒక పెద్దావిడ లైన్‌లోకి వచ్చింది. "సీరియల్ రావట్లేదు బాబూ" అనగానే నేను వాన పాఠం మొదలుపెట్టాను. అంతా విని, "ఇక్కడ వాన లేదు. బొమ్మ బాగానే వస్తంది. ఆ క్రికెట్టే ఆగట్లేదు" అంది.

"చానల్ నంబరు చెబుతాను, నొక్కండమ్మా" అని మూడంకెలు చెప్పాను. నా హెడ్‌సెట్‌లో పీప్, పీప్, పీప్.

"నొక్కినాను. ఏటీ అవట్లేదు."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ మూడు పీప్‌లు. మూడోసారికి గాని నాకు వెలగలేదు, ఆవిడ నొక్కుతున్నది ఫోన్ మీద!

"రిమోట్ మీద నొక్కాలమ్మా."

"రిమోట్ మనవడి సంచిలో ఉండిపోనాది, ఆడు ట్యూషన్‌కి ఎల్లిపోనాడు. అందుకే కదా నీకు ఫోన్ చేసినాను. ఇందాక తెలుగుకి రెండు నొక్కమంటే ఫోన్ మీదే కదా నొక్కినాను, అది అయింది కదా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మ్యూట్ నొక్కడం కూడా మర్చిపోయి గట్టిగా నవ్వేశాను. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సు ముందువైపు ఉండే చిన్న బటన్లను తడిమించి, ఒక్కొక్క చానలూ దాటించుకుంటూ వెళ్ళాం. చివరికి సీరియల్ పాట నా చెవిలో పడింది. మొత్తం పద్నాలుగు నిమిషాలు.

మా టార్గెట్ కాల్‌కి ఐదు నిమిషాలు. నాకు అసలు విసుగు తెప్పించింది కస్టమర్లు కాదు, ఆ గడియారం. మర్నాడు క్వాలిటీ వాళ్ళు రికార్డింగ్ విని మార్కులు కోశారు. టైము దాటిందట, నవ్వానట, 'మేడమ్' అనాల్సిన చోట 'అమ్మా' అన్నానట. ట్రైనింగ్‌లోనే 'ఏటి' అనకూడదని మా నోళ్ళు కట్టేసి, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని బట్టీ పట్టించారు. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? ఉత్తరాంధ్ర వాళ్ళతో మా యాసలో మాట్లాడితే సగం కాల్స్ సగం టైములో తేలిపోతాయి. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

కాల్ పెట్టేసే ముందు, "నా సర్వీసు నచ్చితే ఐదు నొక్కండమ్మా" అన్నాను.

"ఫోన్ మీదేనా, బాక్సు మీదా?" అని అడిగి మరీ నొక్కింది.