యాక్టివేటెడ్ కార్బన్ మీద బ్యాక్టీరియా పెరిగితే తాగునీరు పాడవదా?

పాడవదు. సరిగ్గా నడిపితే ఆ బ్యాక్టీరియాయే నీటిని శుభ్రం చేస్తుంది.

యాక్టివేటెడ్ కార్బన్ అంటే నీటి ఫిల్టర్లలో వాడే, సూక్ష్మరంధ్రాలతో నిండిన బొగ్గు. కొత్త కార్బన్ గుళిక సేంద్రియ పదార్థాన్ని తన సూక్ష్మరంధ్రాల్లోకి పట్టుకుంటుంది. గ్రాము కార్బన్‌లో ఉపరితలం దాదాపు 1000 చదరపు మీటర్లు ఉంటుంది. అయినా కొన్ని నెలలకే చాలా రంధ్రాలు నిండిపోతాయి. ఈలోగా గుళికల గరుకు పైభాగం మీద బ్యాక్టీరియా పల్చటి పొరలా స్థిరపడుతుంది. అది సన్నని రంధ్రాల్లోకి దూరలేదు, అంత చిన్నవి అవి. పైనే ఉండి, నీటితో వచ్చే సేంద్రియ పదార్థాన్ని తింటూ ఉంటుంది. అందుకే కార్బన్‌ను మార్చకుండా ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

చిక్కల్లా ఆకులు కుళ్లి నీటిలో కలిసే హ్యూమిక్ పదార్థాలతోనే. ఆ పెద్ద అణువులు బ్యాక్టీరియాకు కొరుకుడు పడవు. అందుకే కార్బన్‌కు ముందు నీటిలోకి ఓజోన్ వాయువు పంపి వాటిని ముక్కలు చేస్తారు. 1970ల్లోనే జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఈ ఓజోన్, కార్బన్ జోడీని వాడారు. ఓజోన్ మాత్రమే వాడి వదిలేస్తే ఆ ముక్కలు పైపుల్లో బ్యాక్టీరియాకు మేత అవుతాయి, నా దృష్టిలో అది పెద్ద పొరపాటు.

నీరు కార్బన్‌లో సాధారణంగా 10 నుంచి 20 నిమిషాలు ఉండాలి. చలికాలంలో పని మందగిస్తుంది. ఫిల్టర్‌కు ముందు క్లోరిన్ వేయకూడదు, పొర చచ్చిపోతుంది. అప్పుడప్పుడు బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పంపి ఫిల్టర్‌ను కడగడం) చేయాలి, అదీ క్లోరిన్ లేని నీటితోనే. క్లోరిన్ చివర్లో వేస్తారు, ఎందుకంటే కొంత బ్యాక్టీరియా నీటితోపాటు బయటికి వస్తుంది. అప్పటికి సేంద్రియ పదార్థం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ట్రైహాలోమీథేన్లు (క్లోరిన్ సేంద్రియ పదార్థంతో కలిస్తే పుట్టే హానికర రసాయనాలు) కూడా తక్కువగా తయారవుతాయి.